తెలిసిన మాటలతోనే తంటా

ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకే గోడు. కామర్స్, ఆర్థికశాస్త్రం చదువుతున్నాం, పాఠం కన్నా పాఠంలోని ఇంగ్లిష్ ఎక్కువ కష్టపెడుతోంది అని. మహబూబ్‌నగర్‌లో ముప్పై రెండేళ్లు తరగతి గదిలో ఇదే గోడు విన్నదాన్ని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. ఆదాయపు పన్ను గురించి అడిగినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఇంటర్ సీఈసీ, ఇంగ్లిష్ మాధ్యమం. పేజీకి పాతిక మాటలు తెలియవు. మా అన్నయ్య ఐదు వందల ముఖ్య పదాలున్న పుస్తకం కొనిచ్చాడు. రోజుకు ఇరవై బట్టీ పడుతున్నాను, తెల్లారేసరికి పదిహేను పోతున్నాయి. ఏం చేయమంటారు మేడమ్?
– విద్యార్థిని, కొల్లాపూర్

జవాబు: ముందు ఆ పుస్తకం మూసెయ్యమ్మా. అన్నయ్యకు కోపం వస్తే నా పేరు చెప్పు.

తెలియని మాట ఎవరినీ మోసం చేయదు. 'ఒలిగోపొలీ' అని కనబడగానే ఆగుతావు. నిఘంటువు తీస్తావు, లేదా పక్కనున్న అమ్మాయిని అడుగుతావు. కొద్దిమంది అమ్మకందారులే బజారునంతా పంచుకోవడం అని తెలుస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది. మోసం చేసేవి నీకు ముందే తెలిసిన మాటలు. స్టాక్, ఇంట్రెస్ట్, డిమాండ్, సెక్యూరిటీ, మార్జిన్, రియల్. వీటి దగ్గర ఎవరూ ఆగరు. నేనూ ఆగలేదు.

1979లో బి.కాం. చదవడానికి బాదేపల్లి నుంచి హైదరాబాద్ వెళ్లాను. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం, అక్కడ ఒక్కసారిగా ఇంగ్లిష్. మొదటి పరీక్షలో 'లిక్విడ్ ఆసెట్స్'కు ఉదాహరణలు రాయమన్నారు. లిక్విడ్ అంటే తెలుసు, ఆసెట్స్ అంటే తెలుసు. ఇక భయమెందుకు? మా నాన్న మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆ పక్క కొట్టు ముందు వరసగా నిలబెట్టిన డబ్బాలు నా కళ్ల ముందు మెదిలాయి. ధైర్యంగా రాసేశాను: పల్లినూనె, ఆముదం, కిరోసిన్. మా లెక్చరర్ ఆ జవాబు తరగతిలో పైకి చదివారు. పేరు చదవలేదు, అదే ఆయన చేసిన మేలు. కానీ ఆముదం అనగానే అందరూ వెనక్కి తిరిగి పాలమూరు నుంచి వచ్చిన నన్నే చూశారు.

లిక్విడ్ అంటే అక్కడ కారేది కాదు. ధర పోగొట్టుకోకుండా ఎంత తొందరగా నగదుగా మారుతుందో ఆ గుణం. చేతిలో డబ్బు, బ్యాంకులో నిల్వ అన్నిటికన్నా ముందు. బంగారం వాటి వెనక. బర్రెను అమ్మాలంటే సంత రోజు దాకా ఆగాలి. భూమి అన్నిటికన్నా చివర: కొనేవాడు దొరకాలి, పాసు పుస్తకం చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ కావాలి, ఈలోగా అన్నదమ్ములు ఒప్పుకోవాలి. పల్లినూనె ఎంత కారినా అమ్ముడుపోయేదాకా అది కొట్టులో సరుకే.

కాబట్టి నీ పని ఇది. ఒక పాఠం తీసుకో. అందులో నీకు తెలుసు అనుకున్న మాటలకే గీత గియ్యి. ఒక్కొక్కదానికి ఇంట్లో అర్థం, పుస్తకంలో అర్థం, పాఠంలోని ఒక వాక్యం, ఈ మూడూ నోటుబుక్కులో రాసుకో. 'డిమాండ్' అంటే ఇంట్లో గట్టిగా అడగడం. పుస్తకంలో కోరిక ఒక్కటే చాలదు, కొనే డబ్బూ ఉండాలి, ఆ ధరకు కొనే ఇష్టమూ ఉండాలి. నాకు కారు మీద కోరిక ఉంది, దాన్ని ఏ ఆర్థికవేత్తా డిమాండ్ అనడు. 'సప్లై' అంటే మీ తరగతిలో సగం మందికి పరీక్ష తప్పితే రాసే సప్లీ గుర్తొస్తుంది. పుస్తకంలో అది ఒక ధరకు అమ్మడానికి అమ్మకందారు సిద్ధపడే పరిమాణం. 'ప్రిన్సిపల్' మీ కాలేజీలో ఒక గదిలో కూర్చుంటారు, అప్పు పాఠంలో ఆయనే అసలు అవుతారు.

రోజుకు మూడు మాటలు చాలు. ఇంకో చిన్న లాభం కూడా చెబుతాను. ఇంగ్లిష్ మాటలు కుటుంబాలుగా తిరుగుతాయి. ప్రొడ్యూస్ తెలిస్తే ప్రొడ్యూసర్, ప్రొడక్ట్, ప్రొడక్షన్, ప్రొడక్టివిటీ వెంట వస్తాయి. ఒక గడప తొక్కితే ఇంటిల్లిపాదీ పరిచయమవుతారు.

ప్రశ్న: నాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. మా అమ్మాయి బి.కాం. చదువుతోంది. నేను బ్యాంకులో పది వేలు వేస్తే ఫోనుకు 'క్రెడిట్ అయింది' అని సందేశం వచ్చింది. అమ్మాయేమో మన పుస్తకంలో దాన్ని డెబిట్ రాయాలి అంటుంది. బ్యాంకు తప్పా, కాలేజీ తప్పా?
– కిరాణా వ్యాపారి, వనపర్తి

జవాబు: ఇద్దరిదీ తప్పు కాదండీ. మీ ప్రశ్న చదివి సంతోషపడ్డాను. ఎందుకంటే దీనికి జవాబు మీ గల్లాపెట్టె పక్కనే ఉంది.

మీ ఖాతా పుస్తకం తీయండి. ఉద్దెర పెట్టే మనిషి పేరు మీద ఒక పేజీ ఉంటుంది. ఆయన రెండు కిలోల కందిపప్పు తీసుకుపోతే ఆ పేజీలో ఒక పక్క రాస్తారు. ఒకటో తారీఖున డబ్బు కడితే రెండో పక్క జమ రాస్తారు. ఆ మనిషి కూడా ఇంట్లో ఒక పుస్తకం పెట్టుకుని మీ కొట్టు పేరు మీద లెక్క రాస్తున్నాడనుకోండి. మీ పుస్తకంలో ఎడమన ఉన్నది ఆయన పుస్తకంలో కుడిన ఉంటుంది. మీకు రావలసింది ఆయన ఇవ్వవలసింది కదా. ఒకే కందిపప్పు, రెండు పుస్తకాలు.

ఇప్పుడు బ్యాంకు దగ్గరికి రండి. మీరు పది వేలు వేశారంటే ఏం జరిగింది? బ్యాంకు మీ దగ్గర పది వేలు ఉద్దెర తీసుకుంది. ఎప్పుడడిగితే అప్పుడు తిరిగి ఇవ్వాలి. కాబట్టి బ్యాంకు పుస్తకంలో మీరు అప్పు ఇచ్చిన మనిషి, మీ పేజీలో అది క్రెడిట్. ఫోనుకు వచ్చే సందేశం బ్యాంకు పుస్తకం చూసి రాసింది, మీ పుస్తకం చూసి కాదు. మీ పుస్తకంలో బ్యాంకు మీకు బాకీ ఉన్న పార్టీ. అందుకని బ్యాంకు ఖాతాకు డెబిట్, అంత మేరకు గల్లా తగ్గింది కాబట్టి నగదు ఖాతాకు క్రెడిట్. అమ్మాయి సరిగ్గా చెప్పింది.

ఇంకో ముడి కూడా ఉంది. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో డెబిట్‌ను ఖర్చు అని, క్రెడిట్‌ను జమ అని రాసేవాళ్లు. పాఠం మొదటి రోజునే పిల్లలు అడిగేవారు: నగదు లోపలికి వస్తే ఖర్చు వైపు రాయమంటారేమిటి మేడమ్, వచ్చినది జమ కాదా? నిజమే, ఇంట్లో ఖర్చంటే పోయినది, జమంటే వచ్చినది. కొన్నేళ్లు వాదించి, ఆ తర్వాత తరగతిలో ఆ రెండు మాటలూ మానేశాను. డెబిట్ అంటే ఎడమ, క్రెడిట్ అంటే కుడి, అంతకు మించి ఇప్పుడే ఆలోచించకండి అని చెప్పేదాన్ని. లాటిన్‌లో క్రెడిట్‌కు నమ్మకం అన్న అర్థం ఉంది, డెబిట్‌కు బాకీపడటం. ప్రతి పద్దును రెండు చోట్ల రాసే ఈ పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చువేసిన ఒక గణిత గ్రంథంలో లూకా పాచోలీ అనే సన్యాసి వివరించాడు. అప్పటికే అక్కడి వర్తకులు చాలాకాలంగా అలా రాస్తున్నారు. నమ్మి ఇచ్చినవాడి పేరు ఒక పక్క, తీసుకుని బాకీ పడ్డవాడి పేరు ఇంకో పక్క. మీ కొట్టులో జరిగేదీ అంతే.

అమ్మాయికి ఒక మాట చెప్పండి. పరీక్ష ముందు పుస్తకంలోని లెక్కలు కాక మీ కొట్టు ఖాతాలో ఒక నెల లెక్క రాయమనండి. మీకూ పని కలిసివస్తుంది.

ప్రశ్న: 'డెట్' అనాలా 'డెబ్ట్' అనాలా? 'రిసీట్'లో పి ఎందుకు పలకరు?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: డెట్, రిసీట్. ఆ బి, పి రెండూ నోటితో మాట్లాడేవాళ్లవి కావు, పండితులవి. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఆ మాటల్లో అవి లేవు. లాటిన్ మూలం కనబడాలని తర్వాత చదువుకున్నవాళ్లు అక్షరాలు చేర్చారు, జనం పలకడానికి ఒప్పుకోలేదు. 'ఎంట్రప్రెన్యూర్' అనలేకపోతున్నానని ఇంకొకరు రాశారు. అదీ ఫ్రెంచ్ మాటే, ఒక పని నెత్తినెత్తుకునేవాడని అర్థం. నాలుగు ముక్కలు చేసి పదిసార్లు పైకి అనండి. సిగ్గు పడితే రాదు.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర 'రియల్' వ్యాపారం చేస్తాను. రెండు వెంచర్లు వేశాను. మా అబ్బాయి ఆర్థికశాస్త్రం పుస్తకంలో ప్లాటు కొనడం ఇన్వెస్ట్‌మెంట్ కాదని ఉందట. మేము జనానికి చెప్పేదే అది కదా, పుస్తకంలో అచ్చుతప్పా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అచ్చుతప్పు కాదండీ. మీ ఒక్క ఉత్తరంలో మూడు మాటలు దొరికాయి, మూడూ వేషం మార్చుకున్నవే.

కొనేవాడి వైపు నుంచి చూస్తే ప్లాటు ఇన్వెస్ట్‌మెంటే, డబ్బు ఒక చోట పెట్టి పెరుగుతుందని ఎదురుచూస్తాడు. దేశం వైపు నుంచి చూసే ఆర్థికశాస్త్రంలో ఇన్వెస్ట్‌మెంట్ అంటే కొత్తగా ఏదైనా ఏర్పడాలి: కొత్త భవనం, కొత్త యంత్రం, గోదాములో పెరిగిన నిల్వ. నిన్నటి దాకా రైతు పేరున ఉన్న నేల ఇవాళ ఉద్యోగి పేరున మారింది, దేశంలో నేల ఒక గజం కూడా పెరగలేదు. అందుకే స్థూల దేశీయోత్పత్తి లెక్కలో భూమి ధర చేరదు. మీరు వేసిన రోడ్డు, కాలువ చేరుతాయి. మధ్యవర్తి తీసుకున్న కమిషన్ సేవకు వచ్చిన ఆదాయంగా చేరుతుంది.

ఇక 'రియల్'. మన దగ్గర ఆ ఒక్క మాట అంటే చాలు, ప్లాట్ల వ్యాపారమే. మీ అబ్బాయి పుస్తకంలో రియల్ అంటే ధరల పెరుగుదల తీసేశాక మిగిలినది. కూలి రోజుకు 500 నుంచి 550 అయింది, అదే కాలంలో ధరలన్నీ నూటికి పది పెరిగాయి అనుకోండి. చేతికి వచ్చే కూలి పెరిగింది, దాన్ని నామినల్ అంటారు. కొనగలిగేది మాత్రం వెనకటి అంతే, కాబట్టి రియల్ కూలి కదల్లేదు. పరీక్షలో రియల్ వేజెస్ అంటే రియల్ ఎస్టేట్‌లో పనిచేసేవారి జీతాలు అని రాసినవాడు ఒకడు నా చేతికి చిక్కాడు. సున్నా వేయబుద్ధి కాలేదు, వేశాను.

'వెంచర్' అంటే గేటు, కమాను, రంగు జెండాలు ఉన్న లేఅవుట్ అని మనకు స్థిరపడిపోయింది. ఇంగ్లిష్‌లో అది అడ్వెంచర్‌కు కుదించిన రూపం, నష్టపోయే అవకాశం తెలిసీ దిగే పని. అందుకే కొత్త కంపెనీల్లో పెట్టే ప్రమాదకరమైన పెట్టుబడిని వెంచర్ క్యాపిటల్ అంటారు. మన వెంచర్లలో ఆ ప్రమాదం ఎక్కువగా ఎవరి వంతుకు వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నేను నెలకు ఐదు వేల చిట్టీ కడుతున్నాను. ప్రతి నెలా డివిడెండ్ వస్తుంది. మా కోడలు కంపెనీ షేర్లకు కూడా డివిడెండ్ వస్తుందంటోంది. రెండూ ఒకటేనా?
– గృహిణి, నల్లగొండ

జవాబు: పేరొకటే, తల్లులు వేరు.

మీ చిట్టీలో ఇరవై మంది ఉన్నారనుకుందాం. తలా ఐదు వేలు, లక్ష రూపాయలు. ఈ నెల ఒకావిడకు కూతురి పెళ్లి, పాటలో ఇరవై ఐదు వేలు వదులుకుని డెబ్బై ఐదు వేలకు చిట్టీ ఎత్తింది. వదులుకున్న ఇరవై ఐదులో చిట్టీ నడిపేవాళ్ల కమిషన్ ఐదు వేలు పోతే ఇరవై వేలు మిగిలింది. ఇరవై మందికి తలా వెయ్యి. మీరు ఐదుకు బదులు నాలుగు వేలే కట్టారు. మీ చేతిలోని ఆ వెయ్యి ఎక్కడిది? ఆవిడ అవసరంలోంచి వచ్చింది. మీ వంతు వచ్చినప్పుడు మీ అవసరంలోంచి ఇతరులకు పోతుంది.

కంపెనీ డివిడెండ్ లాభంలోంచి వస్తుంది. కంపెనీ సంపాదించింది, అందులో కొంత వాటాదారులకు పంచింది. ఒక ఏడాది ఏమీ పంచకపోయినా మామూలు షేరు ఉన్నవాళ్లు నిలదీసి వసూలు చేసుకోలేరు.

ఈ తేడా ప్రభుత్వానికీ తట్టింది. చిట్ ఫండ్ల చట్టం 1982 నాటిది. 2019లో సవరించినప్పుడు అందులోని 'డివిడెండ్' అన్న మాట తీసేసి, తగ్గింపులో వాటా అని అర్థం వచ్చే 'షేర్ ఆఫ్ డిస్కౌంట్' అని మార్చారు. 'ప్రైజ్ అమౌంట్' కూడా పోయింది, దాని చోట 'నెట్ చిట్ అమౌంట్' వచ్చింది. చిట్టీ ఎత్తడం లాటరీ తగలడం కాదు కదా, ప్రైజ్ ఏమిటి? అదే సవరణలో నడిపేవాళ్ల కమిషన్ గరిష్ఠ పరిమితిని నూటికి ఐదు నుంచి ఏడుకు పెంచారు. మాట మార్చారని అందరికీ తెలియలేదు గానీ కమిషన్ పెంచారని మాత్రం వెంటనే తెలిసింది. కాగితం మీద ఏమున్నా మీ వీధిలో దాన్ని డివిడెండ్ అనే పిలుస్తారు. కోడలు వేసే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటే చాలు.

ప్రశ్న: ధరల గ్రాఫు చూపించి వాక్యాలు రాయమంటే 'బై', 'టు' దగ్గర ఎప్పుడూ మార్కులు పోతున్నాయి. పర్సెంట్ వేరు, పర్సెంటేజ్ పాయింట్ వేరు అంటున్నారు. అదీ అర్థం కాలేదు.
– బి.కాం. విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: నీకు ఈ వ్యాకరణం వచ్చు నాయనా, తెలుగులో వచ్చు. 'ఉల్లిగడ్డ పది రూపాయలు పెరిగింది', 'ఉల్లిగడ్డ పది రూపాయలకు పెరిగింది'. రెండోదాంట్లో ఆ 'కు' చేరగానే అర్థం మారిపోయింది కదా. ఆ 'కు' ఇంగ్లిష్‌లో టు. అది లేని వాక్యం బై. బయలుదేరిన చోటికి ఫ్రమ్. రాసే ముందు ఆ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకుని, 'కు' వినిపించిందా లేదా చూసుకో.

వడ్డీ నూటికి ఎనిమిది నుంచి పదికి పెరిగితే రెండు పర్సెంటేజ్ పాయింట్లు పెరిగినట్టు. పర్సెంట్‌లో చెబితే ఇరవై ఐదు శాతం పెరిగినట్టు, ఎనిమిదిలో రెండు పావు వంతు కాబట్టి. రెండూ నిజమే. ప్రకటనలు రాసేవాళ్లు తమకు ఏది లాభమో అది వాడుకుంటారు. ఒక పాయింట్‌ను వంద ముక్కలు చేస్తే ఒక్కో ముక్క బేసిస్ పాయింట్. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 6.25కు తగ్గించింది, పత్రికలు 25 బేసిస్ పాయింట్ల కోత అని రాశాయి. రెపో అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు స్వల్పకాలానికి అప్పిచ్చే వడ్డీ రేటు.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఒకటి. పుస్తకంలో రేటు పక్కన 'పర్ యానమ్' అని ఉంటుంది, ఏడాదికి అని. మన ఊళ్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే వందకు నెలకు రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. బ్యాంకు పన్నెండు శాతం అంటే చాలా ఎక్కువ అని బెదిరిపోయి, రెండు రూపాయల వడ్డీకి 'రెండే కదా' అని తెచ్చుకునేవాళ్లను మా ఇంటి చుట్టాల్లోనే చూశాను. పన్నెండు శాతం అంటే మన రూపాయి వడ్డీ.

ప్రశ్న: టీవీలో ద్రవ్యోల్బణం తగ్గింది అంటారు. సంచీ పట్టుకుని వెళితే ఏదీ తగ్గలేదు. మా అబ్బాయిని అడిగితే ఇన్‌ఫ్లేషన్ తగ్గినా ధరలు తగ్గవు అంటాడు. ఇదేం చదువు?
– గృహిణి, మిర్యాలగూడ

జవాబు: మీ అబ్బాయి నిరుడు మూడంగుళాలు ఎదిగాడు, ఈ ఏడు ఒక్క అంగుళమే ఎదిగాడు అనుకోండి. ఎదుగుదల తగ్గింది. వాడు పొట్టివాడయ్యాడా? ఇన్‌ఫ్లేషన్ ఎత్తు కాదు, ఎదుగుదల. నిరుడు వంద రూపాయల సరుకులు నూటికి ఆరు చొప్పున పెరిగి 106 అయ్యాయి. ఈ ఏడు నూటికి నాలుగే పెరిగాయి, 110 దాటాయి. టీవీ చెప్పింది నిజం, మీ సంచీ చెప్పిందీ నిజం. ధరలు మొత్తంగా వెనక్కి వస్తే దానికి వేరే మాట ఉంది, డిఫ్లేషన్. పెరుగుదల వేగం మాత్రమే తగ్గితే డిస్‌ఇన్‌ఫ్లేషన్. మన రిజర్వు బ్యాంకుకు 2016 నుంచి ఉన్న లక్ష్యం కూడా నూటికి నాలుగు, అటూ ఇటూ రెండు. సున్నా కాదు. అంటే ధరలు కొంచెం కొంచెంగా పెరుగుతూ ఉండటమే ప్రణాళిక. ఇది వినడానికి మీకు నచ్చదని తెలుసు.

టమాటా సంగతి వేరు. అది ఒక్కటే పెరిగినా పడినా దాన్ని ద్రవ్యోల్బణం అనరు. సరుకులన్నిటినీ ఒక బుట్టలో వేసి తూచాక తేలేది అది.

ప్రశ్న: 'సపోర్ట్ ప్రైస్', 'రెమ్యునరేటివ్ ప్రైస్' ఒకటేనా?
– రైతు, హాలియా

జవాబు: కాదండీ. మొదటిది మద్దతు ధర, రెండోది గిట్టుబాటు ధర. మద్దతు ధర కేంద్రం ప్రకటిస్తుంది, 2025–26లో సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు. పెట్టిన ఖర్చు పోను రైతు చేతిలో ఏమైనా మిగిల్చేదే గిట్టుబాటు. మొదటిది రెండోది అవుతుందో లేదో మీకే బాగా తెలుసు. మద్దతు ధరకు ముందు 'మినిమమ్' అన్న మాట కూడా ఉంది, దాన్ని వదలకండి. అది నేల, పైకప్పు కాదు.

ప్రశ్న: చక్కటి తెలుగు మాటలుండగా పిల్లల నెత్తిన ఇంగ్లిష్ ఎందుకు రుద్దుతారు? ఒకప్పుడు మేము క్షీణోపాంత ప్రయోజన సూత్రం అని హాయిగా చెప్పేవాళ్లం.
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నారాయణపేట

జవాబు: మాస్టారూ, మీరు హాయిగా చెప్పారు. విన్న పిల్లలు హాయిగా ఉన్నారో లేదో నాకు అనుమానమే.

ఆ సూత్రంలో ఉన్నది సీతాఫలం. బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన బుట్ట పెట్టుకుని కూర్చుంటారు కదా, అక్కడ బస్సు దిగి ఆకలి మీద మొదటి పండు తింటే ప్రాణం లేచివస్తుంది. రెండోది బాగుంటుంది. మూడోది సరే. ఐదోదానికి గింజలు ఉమ్మడమే పని. ఒక్కో పండు అదనంగా తింటే అదనంగా కలిగే తృప్తి తగ్గుతూ పోతుంది. ఆ అదనపు ఒక్కదాని లెక్కనే ఇంగ్లిష్‌లో మార్జినల్ అంటారు. 'ఉపాంత' అన్నా అంచు దగ్గరిదనే అర్థం. కానీ ఉపాంత అన్న మాట ఏ ఇంట్లోనూ ఎవరూ పలకరు, మార్జిన్ మాత్రం ప్రతి పిల్లవాడి నోటుబుక్కులో ఎర్ర గీతగా ఉంది. నేను పాఠం ఆ గీతతో మొదలుపెట్టి, సీతాఫలం మీదుగా, చివరికి ఉపాంతకు తెచ్చేదాన్ని. తెలుగు మాట వదలలేదు, వరస మార్చానంతే.

అలాగని తెలుగు అన్ని చోట్లా ఓడిపోతుందని కాదు. 'మార్జినల్ ఫార్మర్' అని పుస్తకంలో వస్తే అదనపు ఒక్కడు అనే అర్థం అక్కడ పనికిరాదు. హెక్టారు లోపు, అంటే రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్న రైతు. మన ఆఫీసుల్లో సన్నకారు రైతు అంటారు, ఎంత చక్కటి మాట! ఆ పైన రెండు హెక్టార్ల దాకా ఉంటే చిన్నకారు. ఉపాంత రైతు అని అనువాదం చేసిన ఒక గైడు చూసి నేను ఆ పుట మీద ఎర్ర సిరా ఒలకబోశాను.

రుద్దడం గురించి ఇంకొక మాట. మన తాతలు దస్తావేజుల్లో రాసిన జమ, బాకీ, వసూలు, కిస్తు అరబీ మాటలు. ఖర్చు పారసీ మాట. పాలమూరు, నల్లగొండ నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు కచ్చేరీ భాష ఉర్దూ. మా తాత ఉర్దూలో రసీదు రాసి తెలుగులో సంతకం పెట్టేవాడు. ఇప్పుడు ఆ మాటలు తీసేసి ఒక్క రోజు బజారు చేసి రండి చూద్దాం. అవి మనవైపోయాయి. డెబిట్, క్రెడిట్ కూడా ఆ దారిలోనే ఉన్నాయి, ఇంకా చెప్పులు విడవలేదు.

ప్రశ్న: మీరు పోయిన నెల 'ట్రయల్ బ్యాలెన్స్'కు, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయో లేదో చూసే పట్టీకి, తెలుగు అడిగినవారికి జవాబిస్తూ, అంకణా అన్న మాట ఇప్పుడు ఏ దుకాణంలోనూ వినబడదు అని రాశారు. నేను నలభై ఏళ్లుగా ఒక బియ్యం వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. కంప్యూటర్ వచ్చినా మా సేటు 'అంకణా కలిసిందా?' అనే అడుగుతారు.
– గుమాస్తా, సూర్యాపేట

జవాబు: ఓడిపోయాను. వినకుండా రాశాను. మీ సేటుకు నా నమస్కారం చెప్పండి. లెడ్జర్‌ను కూడా మీ దగ్గర ఇంకా ఆవర్జా అంటారా, లేక ఖాతా పుస్తకమేనా? పాత పుస్తకం ఏదైనా మిగిలి ఉంటే, పార్టీల పేర్లు చెయ్యి అడ్డుపెట్టి, ఒక పేజీ ఫొటో తీసి పంపగలరా? మా నాన్న చేతిరాత పుస్తకాలన్నీ అడ్తి దుకాణం మూసేసినప్పుడు పల్లికాయ పొట్లాలు కట్టడానికి పోయాయి.